కబురు రాకముందే కృతజ్ఞత

ఫ్యాను కింద సీటు దొరికింది, ముందుగా అందుకు స్తోత్రం. బందరులో జూన్ నెల మ్యాట్నీ అంటే మాటలు కాదు, పైన రేకుల వేడి, బయట ఉప్పుగాలి, మధ్యలో మనం ఎసట్లో బియ్యంలా ఉడుకుతూ కూర్చోవాలి. జెనిఫర్‌ని గాలి సూటిగా తగిలే వైపు కూర్చోబెట్టాను. కూర్చోబెట్టిన వెంటనే, చెమట మీద ఇంత గాలి మంచిది కాదేమో, జలుబు చేస్తుందేమో, జలుబు చేస్తే గొంతు నొప్పి వస్తుంది, గొంతు నొప్పితోనే కదా ఇదంతా మొదలైంది అనిపించి, నా కొంగు తీసి దాని మెడకి చుట్టబోయాను. తెర కనపడట్లేదని చెయ్యి నెట్టేసింది. పదేళ్ళ పిల్ల, పొద్దున్నే బల్ల మీద పడుకుని గుండెకి స్కానింగు తీయించుకున్న పిల్ల, ఇప్పుడు కాళ్ళు రెండూ సీటు మీద మడిచి పెట్టుకుని వేరుశెనక్కాయలు ఒలుచుకుంటోంది. నెల కిందట ఆ కాళ్ళు మడత పడేవి కావు. ఒకరోజు మోకాలు వాచేది, మర్నాడు అది తగ్గి చీలమండ వాచేది. ఎదిగే పిల్లలకి కాళ్ళు లాగుతాయిలే అని ఊళ్ళో అందరూ అన్నారు, మేమూ నమ్మి కర్పూరం వేసిన నూనె రాశాం. మా ఆయన దయానందం నాగాయలంకలో రొయ్యల చెరువుల దగ్గర పని చూస్తాడు, నీళ్ళ రంగు చూసి ఏ చెరువుకి ఏ జబ్బు వస్తుందో చెప్పగలడు, కన్నకూతురి మోకాలు చూసి మాత్రం నూనె సీసా పట్టుకొచ్చాడు. పోనీలే, ఇప్పుడు మడత పడుతున్నాయి, అందుకు కూడా స్తోత్రం. నా కృతజ్ఞతలన్నీ ఇలా చిల్లరవే. బస్సులో కిటికీ సీటు దొరికితే ఒకటి, నర్సమ్మ నవ్వుతూ మాట్లాడితే ఒకటి. పెద్ద కృతజ్ఞతలన్నీ మా అత్తగారి శాఖ.

తెర మీద హీరో మిలటరీ ఆఫీసరు. చేతిలో తుపాకీ, జుట్టు మాత్రం చెదరలేదు. కొండ మీద నుంచి ఒక్కడే దూకి పాతికమందిని పడగొట్టాడు, నేల క్లాసులో ఈలలు, కాగితాలు ఎగరేస్తున్నారు. కార్గిల్‌లో యుద్ధం జరుగుతుంటే బందరు థియేటరు వాళ్ళు ఎక్కడిదో పాత మిలటరీ బొమ్మ తెచ్చి ఆడిస్తున్నారు, జనం తిరునాళ్ళకి వచ్చినట్టు వస్తున్నారు. జెనిఫర్ నా చెవి దగ్గరికి వంగి, హనోకు బాబాయ్ కూడా ఇలాగే కాలుస్తాడా అని అడిగింది. లేదమ్మా, బాబాయ్ అక్కడ మిలటరీ లారీ నడుపుతాడు అన్నాను. దానికి కొంచెం నామర్దాగా అనిపించినట్టుంది, మళ్ళీ తెర వైపు తిరిగింది. నాకైతే నామర్దా లేదు. పైనున్న వాళ్ళకి పిండీ, కిరసనాయిలూ, తుపాకీ గుళ్ళూ మోసుకెళ్ళే లారీ అది. రోడ్డుకి ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, దీపాలు ఆర్పుకుని నడపాలట, లైటు వేస్తే అవతలి వాళ్ళు గురి పెడతారట. ఇదంతా హనోకు మాకు చెప్పలేదు, మా వీధిలో వెంకట్రామయ్య గారింట్లో టీవీలో చూసి తెలుసుకున్నాం. మాకు చెప్పింది ఒక్కటే, మంచు అంటే సినిమా పాటల్లో చూసినట్టు ఉండదొదినా, కాలివేళ్ళు ఉన్నాయో లేదో చూసుకుంటే గానీ తెలియదు అని. ఇదిగో తెర మీద ఆ మంచే పడుతోంది, హీరోయిను జార్జెట్టు చీరలో పాట పాడుతోంది, ఒక్క రోమం నిక్కబొడుచుకోలేదు.

నేను కాపరానికి వచ్చేసరికి మా మరిది హనోకు నిక్కర్లలో ఉన్నాడు. నన్ను మొదట నవ్వించింది వాడే. గుడివాడలో రైసుమిల్లు పక్కన పుట్టి పెరిగిన దాన్ని నేను, సినిమా అంటే మాకు శనివారం శనివారం తప్పని భోజనం లాంటిది. మా నాన్న జ్ఞానయ్య మిల్లులో పని ముగించుకుని, ఒంటి మీద తవుడు కూడా సరిగ్గా దులుపుకోకుండా మమ్మల్ని మొదటి ఆటకి తీసుకెళ్ళేవాడు. అలాంటిదాన్ని, సినిమా హాలు ముందు నుంచి నడిచినా పాపమే అనే ఇంట్లో పడ్డాను. మా అత్తగారు జ్ఞానమ్మ గారి దృష్టిలో సారాయి, చీట్లాట, సినిమా, ఈ మూడూ ఒక తల్లి పిల్లలు. మా ఆయనకి చూస్తే సినిమా పిచ్చి. హనోకు ఉపాయం చెప్పాడు, అవనిగడ్డలో సువార్త కూడిక ఉందని చెప్పండొదినా అని. ముగ్గురం తెల్లబట్టలు కట్టుకుని, బైబిలు సంచీలో పెట్టుకుని బయల్దేరాం. తిరిగొచ్చాక ఆవిడ వాక్యం ఏం చెప్పారు అని అడిగింది. నేను నోరు తెరిచే లోపే హనోకు, చెడ్డవాడు ఎంత బలవంతుడైనా చివరికి ఓడిపోతాడని చెప్పారమ్మా అన్నాడు. మంచి వాక్యం అని ఆవిడ మెచ్చుకుంది. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ పిల్లాడు ఇప్పుడు దీపాల్లేకుండా కొండలెక్కుతున్నాడు. కిందటి వారం ఫోను చేశాడు. లైను గరగరమంటోంది, నేను బాగున్నాను వదినా అన్నాడు, ఆ తర్వాత జెనిఫర్ మోకాళ్ళు ఎలా ఉన్నాయి అన్నాడు. గుళ్ళ మధ్య కూర్చుని దీని మోకాళ్ళ సంగతి అడిగిన మనిషి. అలాంటి మరిదిని ఇచ్చినందుకు చిల్లర స్తోత్రం సరిపోదు, నోటు తియ్యాలి.

పక్క సీట్లో ఉన్నావిడ అరటికాయ బజ్జీ ఒకటి జెనిఫర్ చేతిలో పెట్టింది. వద్దనే లోపే ఇది కొరికేసింది. నూనె సరుకు పెట్టొచ్చో లేదో, పెట్టకూడదని ఎవరూ చెప్పలేదు, పెట్టొచ్చనీ చెప్పలేదు. నెల రోజులుగా ఇదే నా బతుకు. నీళ్ళు కాచి ఇవ్వాలా, మెట్లెక్కనివ్వాలా, నవ్వనివ్వాలా. అవనిగడ్డ డాక్టరు గారు దాని గుండె మీద గొట్టం పెట్టి కళ్ళు మూసుకుని విన్నారు. మామూలుగా డాక్టర్లు ఇలా పెట్టి అలా తీసేస్తారు. ఆయన తియ్యలేదు. గోడ మీద బల్లి ఒకటి ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళింది, అప్పటికీ తియ్యలేదు. శబ్దం కొంచెం తేడాగా ఉందమ్మా అన్నారు. గొంతు నొప్పి ముదిరి వచ్చే ఈ కీళ్ళ జ్వరం కొంతమంది పిల్లలకి గుండెలో కవాటాల్ని పట్టుకుంటుందట, కవాటం పాడైతే ఆపరేషను దాకా వెళ్తుందట, స్కానింగు తీస్తే గానీ తెలియదట. అప్పట్నుంచీ మధ్యాహ్నం అది నిద్రపోయినప్పుడు దాని రొమ్ము మీద చెవి ఆనించి వింటున్నాను. నాకేం తెలుస్తుంది. మా నాన్న నన్ను భుజాన వేసుకుని సినిమా నుంచి తీసుకొస్తుంటే, నడవడానికి బద్ధకం వేసి నిద్ర నటించేదాన్ని. చెవి ఆయన గుండె మీదే ఉండేది. అది ఎలా కొట్టుకునేదో ఇదీ అలాగే కొట్టుకుంటోంది. రెండింటికీ తేడా నాకు తెలియదు. కన్నతల్లికి తెలియకపోతే ఎలా అని ఏడుపొచ్చేది.

బెజవాడ నుంచి వారానికోసారి బందరు వచ్చే గుండె డాక్టరు గారు పొద్దున్న స్కానింగు తీశారు. ఏమీ చెప్పలేదు. వచ్చిన పిల్లలందరివీ చూసి, ఐదింటికి ఒక్కొక్కళ్ళనే పిలిచి చెప్తారట. అప్పటిదాకా నువ్వు పిల్లని మ్యాట్నీకి తీసుకెళ్ళు, నేనిక్కడ కూర్చుంటాను అన్నాడు మా ఆయన. మా దివిసీమ వాళ్ళకి ఇది రివాజే. కోర్టు వాయిదా అయినా, కలెక్టరాఫీసులో అర్జీ అయినా, ఆస్పత్రి అయినా, బందరు వచ్చాక మధ్యాహ్నం ఒక ఆట చూసి, హల్వా పొట్లం కట్టించుకుని సాయంత్రం బస్సెక్కడం. కానీ సినిమా పిచ్చోడు తను ఆగిపోయి నన్ను పంపించాడంటే ఎంత భయపడుతున్నాడో అర్థమైంది. ఆస్పత్రి బల్ల మీద చేతులు రెండూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు, బళ్ళో తప్పు చేసిన పిల్లాడిలా.

ఈ భయం చాలదన్నట్టు ఇంటి దగ్గర ఇంకొకటి సిద్ధంగా ఉంది. మా అత్తగారు ఈ సాయంత్రానికి కృతజ్ఞతా కూడిక పెట్టింది. మా క్రైస్తవుల ఇళ్ళలో జబ్బు తగ్గినా, ఉద్యోగం వచ్చినా, పురుడు సుఖంగా అయినా పాస్టరు గారినీ సంఘాన్నీ ఇంటికి పిలిచి, పాటలు పాడి, ప్రార్థన చేసి, భోజనాలు పెడతాం. తగ్గాక. ఆ ఒక్క మాటే ఆవిడకి పట్టలేదు. రిపోర్టు రాకముందే, బిడ్డని ముట్టి స్వస్థపరచినందుకు దేవునికి స్తోత్రం అని పోయిన ఆదివారం గుడిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పి, అందరినీ భోజనాలకి పిలిచేసింది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం. పొద్దున మేం బస్సుకి బయల్దేరుతుంటే వాకిట్లో పందిరి గుంజలు పాతుతున్నారు. నా వల్ల కాలేదు, ఫలితం తెలిశాక పెట్టుకోకూడదా అత్తయ్యా అని అడిగేశాను. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది, తల కూడా ఎత్తలేదు.

"ఫలితం చూసుకుని చెప్పేదాన్ని కృతజ్ఞత అనరే అమ్మాయ్, కూలి అంటారు" అంది.

బస్సు మోపిదేవి దాటే దాకా ఆ మాట నా గొంతులో ముల్లులా ఆడింది. మాట బాగానే ఉంది, గుడిలో చెప్తే ఆమేన్ అంటారు. కానీ రేపు ఆపరేషను అన్నారనుకో. కవాటం పాడైపోయింది, హైదరాబాదు తీసుకెళ్ళండి, ఆ పైన దేవుడి దయ అన్నారనుకో. అప్పుడు ఈ పిల్లని చంకనేసుకుని, పెట్రోమాక్సు వెలుగులో, బల్లల నిండా కూర్చుని చప్పట్లు కొడుతూ పాడుతున్న జనం మధ్యకి నేను ఏ మొహంతో అడుగుపెట్టాలి. పాట ఎవరు ఆపాలి. ఆవిడకేం, ఆవిడ గట్టి మనిషి. మావయ్య గారిని సమాధి చేసిన రోజున కూడా ఎవరికి కాఫీ అందలేదో చూసుకుంటూ తిరిగింది. ఉప్పెన వచ్చిన ఏడు తాటిచెట్టుకి కట్టుకుని ఇద్దరు కొడుకుల్నీ బతికించుకున్న మనిషి, ఆ కథ కూడా ఎప్పుడూ కన్నీళ్ళతో చెప్పలేదు. సాయంత్రం నేను పేపరు తెచ్చి చదువుతుంటే, కార్గిల్‌లో పోయిన వాళ్ళ పేర్లలో మన జిల్లా వాళ్ళున్నారా అని అడుగుతుంది, లేరంటే సరే అని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోతుంది. అంత విశ్వాసం ఉన్న మనిషితో భయపడే వాళ్ళం ఎలా కాపరం చెయ్యడం అనిపిస్తుంది నాకు. ఆవిడ పక్కన నా భయం కూడా ఒక తప్పులా ఉంటుంది.

తెర మీద మిలటరీ ఆఫీసరు తల్లికి టెలిగ్రాం వచ్చింది. హాల్లో ఈలలన్నీ ఆగిపోయాయి. పక్కావిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. జెనిఫర్ నా వైపు చూసి, ఇది ఉత్తిదేనమ్మా, ఆయన లోయలో చెట్టు పట్టుకుని వేళ్ళాడుతూ ఉంటాడు చూడు అంది. నువ్వు ఇదివరకు చూశావా అంటే, లేదు, హీరో కదా అంది. దాని నమ్మకం కూడా నానమ్మదే. నిజంగానే తర్వాతి సీనులో చెట్టు పట్టుకుని వేళ్ళాడుతున్నాడు. జనం ఒక్కసారి గుప్పున ఊపిరి వదిలారు, నేనూ వదిలాను. ఆ తర్వాత హాస్యగాడు వచ్చాడు, వంటవాడి వేషంలో, శత్రువుల మీద గరిటె తిప్పుతున్నాడు. జెనిఫర్ నవ్వింది. పొట్ట పట్టుకుని, తల వెనక్కి వేసి, వేరుశెనగ తొక్కలు ఒళ్ళోంచి జారిపోతున్నా పట్టించుకోకుండా నవ్వింది. నెల రోజుల తర్వాత అంత నవ్వు. ఆ నవ్వు వింటుంటే నాకు తెరా లేదు, హాలూ లేదు. ప్రభువా, ఏం చెప్పినా చెప్పనీ, ఈ నవ్వు ఇప్పటికి ఇచ్చావు, చాలు అనుకున్నాను. అనుకున్నాక తెలిసింది, ఫలితం చూడకుండానే నేనూ కృతజ్ఞత చెప్పేశానని. మా అత్తగారికి తెలిస్తే సంఘంలో చెప్పి మురిసిపోతుంది, చెప్పకూడదు.

అప్పుడు పడింది తెర మీద. వంటవాడి గరిటె మీదుగా, అద్దం ముక్క మీద సిరాతో రాసిన అక్షరాలు, వంకరగా. నాగాయలంక జెనిఫర్ తల్లిగారు వెంటనే గేటు వద్దకు రావలెను. ఊళ్ళల్లో సినిమా హాళ్ళలో ఇది మామూలే, ఎవరికో పురుడొస్తుంది, ఎవరికో బంధువులు వస్తారు, పేరు పడుతుంది, ఎవరో లేస్తారు, మిగతా వాళ్ళు కాసేపు జాలిపడి మళ్ళీ సినిమాలో పడతారు. ఆ ఎవరో నేనవుతానని ఎప్పుడూ అనుకోలేదు. ఐదు కాలేదు ఇంకా. ముందే ఎందుకు పిలిచారు. మంచి కబురైతే ఆట అయ్యేదాకా ఆగొచ్చుగా. చెడ్డ కబురు కాళ్ళు ఆగవు. లేచాను, కాళ్ళకి చెప్పులు దొరకలేదు. జెనిఫర్ తన పేరు తెర మీద చూసుకుని మెరిసిపోతోంది, హీరో పేరంత పెద్దగా పడిందమ్మా అంటోంది. పక్కావిడ నా మొహం చూసింది, పిల్ల భుజం చుట్టూ చెయ్యి వేసి వెళ్ళమ్మా, నేనున్నాను అంది. ఆవిడ పేరు కూడా నాకు తెలియదు. నువ్వెళ్ళు, ఏమైందో నేను చూసి చెప్తాలే అంది జెనిఫర్, సినిమా సంగతి.

చెప్పుల్లేకుండానే నడిచాను. రెండు వరుసల మధ్య దారి, వెనకాల తుపాకుల మోత, ఎదురుగా ఎర్ర పరదా. హనోకు ఫోను చేసి అడిగిన మోకాళ్ళు గుర్తొచ్చాయి, హనోకుకేమైనా అయిందేమో, వెంకట్రామయ్య గారింటికి కబురొచ్చిందేమో, అది కూడా కావచ్చుగా. అప్పుడు నా మనసు ఏం చేసిందో చెప్తే నన్ను చీదరించుకుంటారు. ఒక్క అడుగు సేపు, ఏదైతే ఓర్చుకోగలనో అన్నట్టు, రెండు భయాల్నీ పక్కపక్కన పెట్టి చూసుకుంది. వెంటనే రెండూ వద్దు, రెండూ వద్దు ప్రభువా అని పైకే అన్నాను. గేటు దగ్గరున్నాయన పరదా ఎత్తి పట్టుకున్నాడు.

ఎండ మొహాన కొట్టింది. కళ్ళు చికిలించి చూస్తే మా ఆయన సోడా బండి పక్కన నిలబడి ఉన్నాడు, చేతిలో పెద్ద కవరు, బుగ్గల మీద నీళ్ళు. నేను ఆ కవరు వంకే చూశాను. ఆయన చెయ్యి ఊపాడు, కాదు కాదు అన్నట్టు. డాక్టరు గారు తొందరగా బెజవాడ వెళ్ళాలని ముందే పిలిచారట. కవాటంలో చిన్న లీకు ఉందట, చిన్నదే. ఆపరేషను అక్కర్లేదట. మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షను, పెద్దయ్యేదాకా, ఒక్కటి కూడా మానకూడదట. మానకపోతే బడికి వెళ్ళొచ్చు, ఆడుకోవచ్చు, రేపు పెళ్ళీ పిల్లలూ అన్నీ అట. "అన్నీ అన్నారే" అని రెండోసారి కూడా చెప్పాడు. నేను సోడా బండి కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ఏడవలేదు. చిన్న లీకు, చిన్న లీకు అని పాటలా అనుకున్నాను. ఒక జబ్బు పేరు అంత ముద్దుగా వినిపిస్తుందని నాకు తెలియదు. ఆ అవనిగడ్డ డాక్టరు గారు కళ్ళు మూసుకుని విన్న ఆ కాసేపు, మాలాంటి వాళ్ళ పిల్ల గుండె మీద అంతసేపు చెవి పెట్టిన ఆ మనిషి, ఆయన విని ఉండకపోతే మేమింకా నూనె రాస్తూ ఉండేవాళ్ళం. ఆయన చల్లగా ఉండాలి.

నువ్వు ఇంటికి ఫోను చెయ్యి, నేను పిల్ల దగ్గర కూర్చుంటాను అని మా ఆయన కళ్ళు తుడుచుకుని, గేటాయన్ని బతిమాలుకుని, టిక్కెట్టు లేకుండానే లోపలికి దూరాడు. పక్కనే ఎస్టీడీ బూత్. మా ఇంట్లో ఫోను లేదు, వీధి చివర వెంకట్రామయ్య గారి వరండాలో ఉంది, ఊళ్ళో సగం కబుర్లు అక్కడికే వస్తాయి. ఎవరినైనా పంపి మా అత్తగారిని పిలిపించండి బాబాయ్ గారూ అని అడగబోయాను. ఆయనే ముందు మాట్లాడాడు. ఎక్కడికో పంపక్కర్లేదమ్మా, మీ అత్తగారు పొద్దుట మీ బస్సు వెళ్ళిన దగ్గర్నుంచీ ఈ ఫోను పక్కనే కూర్చుంది, తిండి కూడా తినలేదు, ఇస్తున్నానుండు అన్నాడు.

"చెప్పవే" అంది ఆవిడ.

చెప్పాను. చిన్న లీకు, ఇంజెక్షన్లు, ఆపరేషను లేదు. ఆవిడ పరిగెత్తొచ్చా అని అడిగింది, పరిగెత్తొచ్చట అన్నాను. పిల్ల ఏదీ అంది. నోరు జారి సినిమాలో ఉంది అనేశాను, అని నాలిక్కరుచుకున్నాను.

"నవ్వుతోందా?"

"నవ్వుతోందత్తయ్యా."

"సరే అయితే" అంది.

అప్పుడు అడిగాను. కోపంతో కాదు, కోపం ఎక్కడో జారిపోయింది, ఊరికే తెలుసుకోవాలనిపించి అడిగాను. వేరే కబురు వచ్చుంటే ఏం చేసేవారత్తయ్యా, అంతమందిని పిలిచి.

"అందుకే కదే పిలిచింది. మంచి కబురైతే మనం నలుగురమే ఉన్నా సరిపోద్ది. చెడ్డదైతే ఆ పిల్లనెత్తుకుని మీరిద్దరే చీకటింట్లోకి రాకూడదు. జబ్బని పిలిస్తే ఎవరో ఇద్దరొస్తారు, కృతజ్ఞతంటే సంఘమంతా వస్తది." ఊపిరి తీసుకుంది. "నాకు భయమేసిందే. అక్కడ కొండల్లో ఆడు, ఇక్కడ ఇది. రేత్రుళ్ళు నిద్దరెక్కడిది నాకు."

ఫ్యాను సీటుకీ, కిటికీ సీటుకీ స్తోత్రాలు చెప్పుకునే దాన్ని, నా పక్కనే ఇన్నేళ్ళుగా భయపడుతూ నా కోసం ఇల్లు నింపుతున్న మనిషికి ఒక్కటీ చెప్పలేదు. రిసీవరు చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకున్నాను. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు ఒకటి వినిపించింది. ఇక పెట్టెయ్ అనలేదు ఆవిడ, పెట్టేస్తానని నేనూ అనలేదు. గోడ మీద ఫోను బిల్లు మీటరు ఎర్ర అంకెలతో తిరిగిపోతోంది. తిరగనిచ్చాను.